సూచికల జీర్ణోద్ధారణము – కాలనియమ విమర్శ

1905వ సంవత్సరమున బి. లూయిస్ రైసు ప్రకటించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పదవ సంపుటము కోలారు మండల శాసనములకు నేటికిని మూలాధారము. కన్నడ, తెలుగు, తమిళ, సంస్కృత శాసనము లందు తాలూకాల ననుసరించి విభజింపబడినవి. చిక్కబళ్లాపురమునకు సి.బి., బాగేపల్లికి బి.జి., చింతామణికి సి.టి. అను సంకేతములును, ఒక్కొక్క తాలూకాలోని శాసనములకు వరుస సంఖ్యలును ఏర్పడినవి. ఒక శాసనమును పేర్కొనదలచిన పండితుడు సంకేతమును, సంఖ్యను చెప్పిన చాలును. చదువరి సంపుటమును విప్పి ఆ పాఠమును వెంటనే చూడగలడు. నూరేండ్లకు పైబడి చరిత్రకారు లీ మార్గముననే నడచుచున్నారు.

ఇన్నేండ్లలో ఆ సంపుటమందలి పాఠములు మారలేదు. మారినది పరిసరము. 2007లో కోలారు మండలము రెండుగా చీలి, ఈ మూడు తాలూకాలును క్రొత్తగా నేర్పడిన చిక్కబళ్లాపుర మండలమున చేరినవి. నేడు ప్రత్యేక తాలూకాగా నున్న గుడిబండకు రైసు సంపుటమున ప్రత్యేక సంకేతము లేదు. బాగేపల్లినుండి చేళూరు వేరుపడి తాలూకా అయినది. నేటి పటమును చేతబట్టుకొని చేళూరు తాలూకా శాసనములను వెదకువాడు ఆ సంపుటమున నట్టి పేరుగల విభాగమును కానడు. శాసనము లేకపోలేదు, దానికడకు పోవు త్రోవ చెదరినది. సూచిక జీర్ణమగుట యనగా నిదియే.

ఈ సమస్య అచ్చుపుస్తకమునకే పరిమితము కాదు. నేడు భూముల లెక్కలు, బ్యాంకుల పద్దులు, ఆసుపత్రుల వివరములు, గ్రంథాలయముల పట్టికలు కంప్యూటరు డేటాబేసులలో నున్నవి. రేయింబవళ్లు జనులు వాడుకొనుచుండగా నడచు డేటాబేసునకు ప్రొడక్షన్ డేటాబేసని వృత్తివారి వ్యవహారము. దాని సూచికల నెప్పుడు, ఎన్నాళ్ల కొకమారు సరిచేయవలె ననుటలో వారి నడుమ దీర్ఘమైన వాదము కలదు. వారమున కొక రాత్రి సూచికల నన్నింటిని తిరిగి కట్టుట అనేక స్థలములందు ఆచారమైనది. ఆ ఆచారమున కాధార మేమి, దాని గుణదోషము లెట్టివి, సరిహద్దు సీమలోని తెలుగువారి కందు సంబంధ మేమి యను మూడు విషయము లిట విచారింపబడుచున్నవి.

సూచికా స్వరూపము

సూచిక మన దేశమునకు క్రొత్తది కాదు. కాత్యాయనుని సర్వానుక్రమణి ఋగ్వేద సూక్తములకు సూచిక. అందు ప్రతి సూక్తము యొక్క మొదటి పదములు, ఋక్కుల సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు చెప్పబడినవి. ఇందు రెండు విశేషములు గమనింపదగినవి. మొదటి పదములు త్రోవ చూపును; ఋక్కుల సంఖ్య మూలము చెదరలేదని సాక్ష్య మిచ్చును. మంచి సూచిక చేయవలసిన పనులు రెండును అందే యున్నవి.

తెలుగున పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గములుగా పదములను కూర్చినది. ఆ కూర్పు కంఠస్థము చేయువానికి తగినది. ఒక్క పదమును వెదకువానికి తగినది కాదు. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885లో వెలువడి, అకారాది క్రమమున పదము నడిగినవానికి పదమును చూపెను. పదములు రెండింటను కలవు. భేదము వెదకులాట యందు. చదువరి యే తాళపుచెవితో వచ్చునో దానికి తగిన తాళమే సూచికకు వేయవలయును.

కంప్యూటరులో మూలపట్టిక వేరు, సూచిక వేరు. సూచికలో అధికభాగము బి-ట్రీ యను వృక్షరూపమున నుండును. బేయర్, మెక్‌క్రైట్ అను నిరువురు 1970లో దీనిని ప్రతిపాదించి, 1972లో పత్రికా ముఖమున ప్రకటించిరి. వృక్షము యొక్క ఆకులు పుటలు. ఎస్‌క్యూఎల్ సర్వరులో పుట యొక్కటి 8 కిలోబైట్లు, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లోను సామాన్యముగా నంతియే. ప్రతి పుటయందును పేర్లు క్రమముగా నుండును. నిండిన పుటలోనికి మరియొక పేరు రావలసివచ్చినచో, ఆ పుట రెండుగా చీలి, సగము పేర్లు వేరొకచోట నున్న క్రొత్త పుటకు పోవును. ఇట్లు చీలినకొలది పుటలలో ఖాళీ పెరుగును; వరుసగా నుండవలసిన పుటలు దూరదూరముగా చెదరును. తొలగింపబడిన పేర్ల శేషములు కొంతకాలము నిలిచియుండును. కావున సూచిక దినముల సంఖ్యచేత జీర్ణింపదు, వాడుకచేత జీర్ణించును. ఈ యొక్క మాట తరువాతి విచారమున కంతకు మూలము.

పండ్రెండేండ్ల గడువును, పూడికయు

జీర్ణోద్ధారణమునకు మన సంప్రదాయమున రెండు పద్ధతులు కలవు. దేవాలయములందు అష్టబంధనము నియతకాలమున జరుగును. తిరుమలలో పండ్రెండేండ్ల కొకమారు జరుగు అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము 2018 ఆగస్టున జరిగినది. విగ్రహమును పీఠమును బంధించు ఆ లేపనము కాలముచేతనే సడలునది. భక్తులు తక్కువ వచ్చిన యేట ఆ లేపనము తక్కువ సడలునని చెప్పరాదు. కాబట్టి అచట పంచాంగము ననుసరించు గడువు యుక్తమైనది.

చెరువు పద్ధతి వేరు. చిత్రావతి, పాపఘ్ని, ఉత్తర పినాకిని పుట్టిన సీమయైనను, చిక్కబళ్లాపుర ప్రాంతమున నిత్యప్రవాహముగల నది లేదు. పూర్వులు చెరువుల నాశ్రయించి బ్రదికిరి. చెరువునకు పూడిక వచ్చుట వానను, పరీవాహక భూమిని బట్టి యుండును. గొప్ప వాన కురిసి మట్టి కొట్టుకొనివచ్చిన యేట పూడిక యెక్కువ. కరవు సంవత్సరమున నది లేనేలేదు. ఊరిపెద్దలు వేసవిలో చెరువులోనికి దిగి చూతురు. చూచుట యేటేట జరుగును. త్రవ్వుట అవసరమైన యేటనే జరుగును.

సూచిక చెరువువంటిదే కాని అష్టబంధనమువంటిది కాదు. దానికి వారమున కొకమారు పునర్నిర్మాణమని గడువు పెట్టుట కరవు సంవత్సరమున సయితము పూడిక తీయించుటవంటిది. కూలి వ్యయమగును, ప్రయోజనము కానరాదు.

అంకెల ప్రామాణ్యము

ఈ యాచారమున కాధారముగా చూపబడు అంకెలు రెండు కలవు. సూచికలోని చెదురు 5 శాతమునకు లోబడిన విడిచిపెట్టవలెను. 5 మొదలు 30 శాతము వరకు నున్న సర్దవలెను. 30 శాతము దాటిన తిరిగి కట్టవలెనని ఎస్‌క్యూఎల్ సర్వరు మార్గదర్శక పత్రములు చిరకాలము చెప్పుచు వచ్చినవి. ఈ యంకెలు శాస్త్రవాక్యములవలె ఒకరినుండి యొకరికి ప్రాకినవి. వాని నిర్దేశించిన యింజినీరే అవి స్థూలమైన యూహలు మాత్రమే యనియు, అడిగినవారికి ఏదో యొక మెట్టు చూపవలసివచ్చి చెప్పినవనియు తరువాత వ్రాసెను. మైక్రోసాఫ్టు వారి పత్రములును ఇప్పుడు సర్వత్ర వర్తించు అంకెలు లేవనియే చెప్పుచున్నవి. మూలగ్రంథము చూడక టీకను, టీక చూడక టిప్పణిని నమ్మినందున సాహిత్యమున ఎన్ని యపపాఠములు నిలిచినవో యెరిగినవారి కీ చరిత్ర వింతగా తోపదు.

ఆ యంకెలు పుట్టిన కాలమును గూడ గమనింపవలెను. అప్పటి డిస్కులు తిరుగు పళ్లెములు. చెదరిన పుటలను చదువుటకు వాని ముల్లు ఇటునటు పోవలసియుండెను. ఆ పోకడకే కాల మధికముగా పట్టెడిది. నేడు ప్రచారమున నున్న ఘనస్థితి నిల్వపరికరములలో కదలు ముల్లు లేదు. పుటలు చెదరియుండుటవలని బాధ మునుపటివలె లేదు. పుటలలోని ఖాళీవలని బాధ మాత్రము మిగిలినది. ఏలన సగము ఖాళీయైన పుటయును స్మృతిలో పూర్తి స్థలము నాక్రమించును. కావున కొలువదలచినవాడు చెదురుకంటె నిండుదనమును కొలుచుట మేలు.

మరియొక భ్రాంతి కలదు. ఆదివారము రాత్రి సూచికలు కట్టిరి. సోమవారము పనులు వేగముగా జరిగినవి. కావున కట్టుటచేతనే వేగము కలిగినదని యనుకొందురు. ఎస్‌క్యూఎల్ సర్వరులో సూచికను తిరిగి కట్టునప్పుడు దానికి సంబంధించిన గణాంకములును పూర్తిగా క్రొత్తవగును. ఏ ప్రశ్నకు ఏ త్రోవ పట్టవలెనో యంత్రము నిర్ణయించుకొనునది ఆ గణాంకములను బట్టియే. పాత లెక్కను నమ్మి దూరపుదారి పట్టిన యంత్రము క్రొత్త లెక్క చూచి దగ్గరిదారి పట్టును. ఆ ఫలము గణాంకములను మాత్రము సరిచేసినను లభించియుండెడిది. వ్యయమో, అందులో స్వల్పభాగము. ఔషధముతో కూడ పథ్యమును సేవించి స్వస్థుడైన రోగి ఔషధమునే పొగడినట్లున్నది యీ వాదము.

పుటలను మిక్కిలి బిగువుగా నింపి కట్టిన సూచికలో మరునాడు నడుమ నడుమ చేరు పేర్లకు చోటుండదు. పుటలు వెంటనే చీలనారంభించును. అందువలననే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ బి-ట్రీ పుటలను సామాన్యముగా 90 శాతము మాత్రమే నింపి, పదవ వంతు విడుచును. వ్రాతప్రతి పట్టికలో పేరునకు పేరునకు నడుమ ఖాళీపంక్తులు విడిచిన పూర్వ లేఖకుల వివేకమే యిదియు.

వేసవి లేని చెరువు

చెరువునకు వేసవి కలదు; ప్రొడక్షన్ డేటాబేసునకు వేసవి లేదు. కర్ణాటక ప్రభుత్వమువారి భూమి పథకమును చూడుడు. 2000వ సంవత్సర ప్రాంతమున అమలైన యీ పథకమున సుమారు 67 లక్షల భూస్వాములకు చెందిన రెండు కోట్ల పహాణీలు కంప్యూటరులలో చేరినవి. ఆరంభమున తాలూకా కార్యాలయపు కిటికీయొద్ద పగటివేళ మాత్రమే రైతునకు పత్రము లభించెడిది. అట్టి కాలమున రాత్రి యంతయు విశ్రాంతివేళ. ఏ పనియైనను అప్పుడు చేసికొనవచ్చును. నేడు ఇంటర్నెట్టు ద్వారమున ఏ ఝామున నైనను పత్రమును చూడవచ్చును. బాగేపల్లి రైతు కొమారుడు విదేశమున నుండి తన మధ్యాహ్నవేళ తండ్రి భూమి వివరమును చూచుచో, అది యిచట అర్ధరాత్రి. రాత్రివేళ ఎవరును లేరను మాట ఇక చెల్లదు.

సామాన్యమైన పునర్నిర్మాణము జరుగునంతసేపు ఆ పట్టికలో వ్రాతలు నిలిచిపోవును. ఈ చిక్కునకు మన ఆగమములు పూర్వమే యొక యుపాయము చూపినవి. గర్భాలయమును బాగుచేయు దినములలో దేవతాశక్తిని కుంభమందావాహనము చేసి, బాలాలయమున నుంచి, పూజ లోపింపకుండ జరిపింతురు. పని ముగిసిన పిమ్మట శక్తి మూలస్థానమున చేరును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 12వ కూర్పున, 2019లో, ఇట్టి పద్ధతియే యేర్పడినది. పాత సూచిక పని చేయుచుండగనే ప్రక్కన క్రొత్తది కట్టబడును. ఆ నడుమ జరిగిన మార్పులందు చేర్పబడును. కడపట క్రొత్తది పాతదాని స్థానమును పొందును. వాడుకకు భంగము లేదు.

ఐనను ఉచితముగా లభించునది లేదు. ఈ పద్ధతికి కాల మెక్కువ. రెండు సూచికల కొకేమారు చోటు కావలెను. నడుమ పని చెడినచో అసంపూర్ణ సూచిక యొకటి మిగిలి, చదువరులకు పనికిరాక, వ్రాతలకు మాత్రము భారమగును. దానిని వెదకి తొలగించుటయు ఆ పనిలోని భాగమే. బాలాలయము కట్టి విప్పకపోయిన యాలయమువలె అనేక డేటాబేసులలో నిట్టి శేషములు పడియున్నవి.

గడువును సమర్థించువారి వాదము

గడువు పద్ధతిని సమర్థించువారి మాట పూర్తిగా త్రోసివేయదగినది కాదు. మనుష్యుడు మరచును, పంచాంగము మరువదు. ఒక్కరే పనివాడుండి, ఆయన సెలవుపై పోయినను, మారిపోయినను, వేళకు పని జరుగవలెనన్నచో నియతకాలము అవసరము. ఏ రాత్రి యంత్రము నెమ్మదించునో ముందుగా తెలిసిన, వాడువారును దానికి సిద్ధపడుదురు. ఈ గుణములు నిజమైనవే.

కొలతను బట్టి నడచు పద్ధతికిని దోషములు కలవు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో స్వయముగా జరుగు శుద్ధికి సామాన్యముగా నున్న మెట్టు, పట్టికలోని వరుసలలో 20 శాతమును, దానిపై 50 వరుసలును. గణాంకములకు 10 శాతమును, 50 వరుసలును. వేయి వరుసల పట్టికకు ఈ మెట్టు తగినది. భూమి పథకమంతటి రెండు కోట్ల వరుసల పట్టిక కిదే మెట్టు పెట్టినచో నలువది లక్షల వరుసలు చెడువరకు శుద్ధి యారంభము కాదు. చిన్న కుంటకు పెట్టిన గుర్తు పెద్ద చెరువున కుంచినచో కట్ట తెగువరకు తెలియదు. ఆయా పట్టికకు ఆయా మెట్టును మనుష్యుడే నిర్ణయింపవలెను.

రెండు వాదములను కలిపి చూచిన తేలు నిర్ణయ మిది: నియతకాలము పరీక్షకు వర్తించును, పునర్నిర్మాణము పరీక్షాఫలమునకు లోబడును. వారమువారము కొలువవలెను, కొలత చెప్పిననాడు కట్టవలెను. ఊరిపెద్ద యేటేట చెరువులోనికి దిగిచూచుట యెంత నియతమో, పార పట్టుట యంత యనియతము.

కొలతకు చిక్కని జీర్ణత

ఇంతవరకు చెప్పినది యంత్రము కొలువగల జీర్ణత. కొలతకు చిక్కని జీర్ణత మరియొకటి కలదు. అక్షరక్రమము మారుట, పేరు మారుట దానికి కారణములు.

సూచికకు ప్రాణము అక్షరక్రమము. తెలుగున క్షకారమును కొందరు వర్ణమాల తుదిని చేర్తురు, కొందరు కకారముతో చేర్తురు. ఱకారమును రేఫతో కలుపువారును, వేరుగా నుంచువారును కలరు. ఒక క్రమమున కూర్చిన నిఘంటువును వేరొక క్రమము నెరిగినవాడు చూచినచో, ఉన్న పదము లేదని నిశ్చయించును. కంప్యూటరులలో నిట్టిది నిజముగా జరిగినది. 2018లో లినక్సు యంత్రములందలి గ్లిబ్‌సీ 2.28వ కూర్పున అక్షరక్రమ నియమములు మారెను. పాతక్రమమున కట్టిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సూచికలు, క్రొత్తక్రమమున వెదకు యంత్రమునకు తప్పుదారి చూపినవి. పుటలు నిండుగా నున్నవి; చెదురు లేదు; అయినను ఉన్న వరుస కానరాలేదు. అట్టి సూచికలను తిరిగి కట్టుట తప్ప మార్గము లేకపోయెను. ఇట పునర్నిర్మాణము అవసరమైనది కాలము గడచినందున కాదు, క్రమము మారినందున.

ఈ మూడు తాలూకాలకు ఈ విషయము ముఖ్యమైనది. ఇచటి జనులలో అనేకుల యింటిమాట తెలుగు. కార్యాలయపు వ్రాత కన్నడము. చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన యోగి నారేయణులు తెలుగునను కన్నడమునను రచించిరి; ఆయన తెలుగు పాటలు కన్నడ లిపిలో అచ్చుపడి భజనమండలులలో వాడుకలో నున్నవి. ఆ పాటలకు ప్రథమపాద సూచిక కట్టువాడు లిపిభేదమును దాటవలసియున్నది. చెవికి ఒక్కటియైన పాట యంత్రమునకు రెండు. యూనికోడు సంకేత పట్టికలో కన్నడ లిపి తెలుగు లిపి వెంటనే యుండును. కకారము మొదలగు సామాన్యాక్షరములలో తెలుగు సంఖ్యకు 128 కూడిన కన్నడ సంఖ్య వచ్చును. సంఖ్యాక్రమమున కూర్చినచో తెలుగు లిపిలోని పేర్లన్నియు ముందును, కన్నడ లిపిలోనివన్నియు వెనుకను రెండు గుంపులై నిలుచును. తెలుగు లిపిలో బాగేపల్లి యని వెదకినవానికి కన్నడ లిపిలోని బాగేపల్లి యెన్నడును చిక్కదు. భేదము నియతమైనది గనుక ఉపాయము సులభము: రెండు లిపులను ఒక్క సంకేతమునకు మార్చి, ఆ మార్చిన రూపముపై సూచికను కట్టిన చాలును. కాని యా యవసరము కలదని గ్రహించుటకు రెండు లిపులును చదువువాడు కావలెను.

ధ్వనిభేద మంతకంటె చిక్కైనది. తెలుగు పకారమునకు కన్నడమున అనేక పదములందు హకారము కలదు: పాలు – హాలు, పులి – హులి, పల్లి – హళ్లి. ఊరి పేరు ఇంటిలో పల్లియై, కాగితమున హళ్లియై యుండుట యీ సీమలో వింత కాదు. బి-ట్రీ సూచిక మొదటి యక్షరమునుండి వెదకునది. పేరు చివర భేదించినచో, మొదటి భాగమును మాత్రము వ్రాసి వెదకిన రెండు రూపములును చిక్కును. పేరు మొదటనే భేదించినచో సూచిక నిస్సహాయము.

ఇపుడీ ప్రశ్న ఊహామాత్రముగా లేదు. 2025 జూలై 2వ తేదీన నందిగిరిపై జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశము బాగేపల్లికి భాగ్యనగరమను పేరు పెట్టుట కంగీకరించినది. పేరు మార్పు యొక్క యుక్తాయుక్తములు వేరు విచారము. సూచికాదృష్టితో చూచిన, బకారముతో మొదలగు పేరు భకారమున చేరుచున్నది. నూరేండ్ల దస్తావేజులు, విక్రయపత్రములు, పాఠశాలల ధ్రువపత్రములు, శాసన సంపుటములు పాత పేరుతో నున్నవి. పాత పత్రము చేతబట్టుకొని వచ్చిన ముదుసలి పాత పేరుతోనే యడుగును. ఆదివారము రాత్రి యెన్నిమారులు సూచిక కట్టినను, ఆ పాత పేరందు లేనిచో ఆయనకు వచ్చు సమాధానము ఒక్కటే: మీ వివరము లేదు. భూమి యున్నది, పత్రమున్నది, ఆయన యున్నాడు; నడుమ త్రోవ లేదు. సూచికలోని లోపము అచట మనుష్యుని హక్కునకే లోపమగును.

ఈ విషయమున రైసు సంపుటమే మార్గదర్శకము. అందు బౌరింగుపేట తాలూకాకు బి.పి. అను సంకేతము కలదు. ఆ యూరు తరువాత బంగారుపేట యైనది. ఐనను బి.పి. సంఖ్యలను ఎవరును మార్చలేదు. మార్చియున్నచో అంతవరకు వ్రాసిన చరిత్రగ్రంథములలోని యుదాహరణములన్నియు చెడియుండెడివి. సంకేతము పేరున బుట్టినను పేరునుండి విడివడి స్థిరమైనది. మూలసంకేతము స్థిరముగా నుండవలెను. పేర్లు దానికి చేర్చు దారులుగా ఎన్ని కావలె నన్ని యుండవచ్చును. భాగ్యనగరము యొక్క ప్రక్కన బాగేపల్లి చూడుడనియు, బాగేపల్లి ప్రక్కన భాగ్యనగరము చూడుడనియు రెండు పంక్తులు చేర్చుటకు ఒక్క రాత్రియైనను పట్టదు. చేర్చవలెనను తలంపు పుట్టుటయే ముఖ్యము.

ఉపసంహారము

పై విచారమువలన నాలుగు నియమములు తేలుచున్నవి. మొదటిది, సూచికను పరీక్షించుటకు నియతకాలముండవలెను. కట్టుటకు కొలత ప్రమాణము కావలెను. రెండవది, సూచికకంటె ముందు గణాంకములను సరిచేసి చూడవలెను. అల్పవ్యయముతో పోవు దోషమునకు అధికవ్యయము తగదు. మూడవది, కట్టవలసివచ్చినపుడు బాలాలయ న్యాయమున వాడుకకు భంగము లేకుండ కట్టి, శేషముల తొలగింపవలెను. నాలుగవది, ప్రతి పరీక్షాదినమునను యంత్రపు కొలతతోపాటు పేర్ల పరీక్షయు జరుగవలెను: ఏ యూరి పేరు మారెను, ఏ తాలూకా చీలెను, వెదకినవారు ఏ పేర్లతో వెదకి రిక్తహస్తములతో మరలిరి?

ఈ కడపటి ప్రశ్నకు విలువ యధికము. వెదకి దొరకనివాని జాబితాయే సూచికకు నిజమైన పరీక్షాపత్రము. దానిని చదువుటకు యంత్రము చాలదు. ఒకే యూరికి ఇంటిలో నొక పేరును, కచేరీలో నొక పేరును ఉన్నవని యెరిగి, రెండు లిపులను ఒకే కంటితో చదువువారు కావలెను. చిక్కబళ్లాపుర సీమలోని తెలుగు బడులలో చదువుకొన్న బాలబాలికలకు ఈ శక్తి సహజముగా నలవడును. వారి ద్విభాషా జ్ఞానమును ఇంటిమాటకు మాత్రమే పనికివచ్చు సొత్తుగా నెంచుట పొరపాటు. శాసన సంపుటములకు స్థలనామ సూచిక కట్టుటకును, భూముల లెక్కలలో నిరురూపముల పేర్లను కలుపుటకును అదియే ప్రధాన సాధనము. మూడు తాలూకాల గ్రామనామములకు తెలుగు కన్నడ రూపములతో, పాత క్రొత్త పేర్లతో ఒక ఉభయలిపి సూచిక సిద్ధమైనచో, యంత్రములు కట్టువారికిని, పరిశోధకులకును, పత్రము చేతబట్టి నిలిచిన రైతునకును ఏకకాలమున నుపకారము కలుగును. విజ్ఞులు దీని నాలోచింతురు గాక.